తగరం ఏడిస్తేనే కలాయి

స్టీలు గిన్నెలు అప్పుడప్పుడే షాపులల్లకు వస్తున్న రోజులు. మా సిరొంచ ఊర్ల వంటంత ఇత్తడి మీదనే. లోపలి తగరం పూత అరిగిందంటె పులుసు విషమైతది. ఆ పూత పెట్టేటోడు బర్కత్ అలీ. మా ఇంటి ముంగట చిన్న గుంట తవ్వి బొగ్గులేస్తె, ఆయన భార్య అఖ్తర్ బీ తిత్తి కొట్టేది. గిన్నెలకు కలాయి ఎంతసేపో, వాళ్లిద్దరి కొట్లాట కూడ అంతసేపు.

పూత పెట్టే ముందుగాల ఆయన తగరం కడ్డీని చెవికాడ పెట్టుకొని మెల్లగ వంచేటోడు. అసలు తగరమైతే వంచినప్పుడు ఎండుటాకులు నలిపినట్టు లోపల కరకర అంటది. ఆయన దాన్ని ఏడుపు అనేటోడు. సీసం కలిస్తె కడ్డీ ఏడువది. సీసం పూత మొదట్ల తళతళ మెరుస్తది, ఎన్కసిరి నల్లబడతది, తిన్నోళ్ల కడుపు చెడగొడతది. ఆయన నోటెంబడి "ఏడుస్తంది" అని వస్తెనే మేము గిన్నెలు ముంగటేద్దుము.

ఆ ఏడు దసరాకు ముందు ఎప్పటిలెక్కనే వంచి, "ఏడుస్తంది, తేండి" అన్నడు. నేను పక్కకే కూసున్న. నాకేం వినవడలే.

"అన్నా, ఏదీ, ఇంకోపారి వంచు."

ఆయన తిరిగి చూడలే. మల్ల పిలిచిన, ఉలుకు లేదు. అఖ్తర్ బీ మోచేతితోని పొడిస్తె అప్పుడు చూసిండు. నాకు ఆగుతదా?

"వదినా, చెవులు పోయినయా ఏంది?"

ఆమె తిత్తి ఇడిచిపెట్టి నా చెయ్యి పట్టుకుంది. "జర మెల్లగ కుసుమక్కా! చెవులు లేని కలాయోనికి గిన్నె ఎవలిస్తరు? మా పొయ్యి ఎట్ల మండుతది?"

మాటలు వినవడకున్నా మా మొఖాలు చూసి ఆయనకు సమజైంది. కడ్డీ నా చెవికాడ వంచిండు. "నువ్వే చెప్పక్కా."

"మూగది అన్నా," అని తల అడ్డంగ ఊపిన.

ఆయన లేచి నిప్పుల మీద నీళ్లు పోసిండు. గిన్నెలు తెచ్చిన ఆడోళ్లకు "తగరం మంచిగ లేదు, రేపు చేస్త" అని చెప్పి, కడ్డీలు సంచిల ఏసుకొని తగరం అమ్మే వెంకటనర్సయ్య దుకాణానికి నడిచిండు. నేనూ అఖ్తర్ బీ ఎన్కనే పోయినం.

"నాదేం తప్పు సాబ్?" అన్నడు వెంకటనర్సయ్య. "చంద్రపూర్ సరుకు, ఎట్లొచ్చింది అట్లనే పెట్టిన. నువ్వే కదా వంచి చూసి ఏడుస్తందన్నవు?"

ఆయన సంచి పట్టుకొని బయటికి నడిచిండు.

బయటికొచ్చినంక నేను గట్టిగ అన్న, "ఇగ నుంచి వదిన వింటది."

"ముప్పై ఏండ్లు నా మాట వినలేదు," అన్నది అఖ్తర్ బీ, "ఇప్పుడు తగరం మాట ఈయనకు నేను విని చెప్పాల్నా?"

బర్కత్ అలీ నవ్వలే. మల్ల దుకాణంలకు పోయి, పాత సరుకు పెట్టెల అడుగునున్న కడ్డీ ఒకటి తీసిండు. ఎడమచేతిల సంచి ఉన్నది. ఒక్క చేత్తోని వంగలేదని ఒక కొస పళ్ల నడుమ పట్టి, ఇంకో కొస కిందికి గుంజిండు. గుంజి, అట్లనే నిలవడ్డడు.

"ఏమైంది?"

"దవుడల... దవుడల ఏడుస్తందక్కా!"

సంచిలున్న కడ్డీ కొరికి వంచిండు. ఏం లేదు. మల్ల పాతది కొరికిండు. నవ్విండు. నేను కూడ కొరికి చూసిన. నిజమే, కరకర పళ్లల్లకెంచి పుర్రె దాకా పోయింది.

"కొరికిన కడ్డీలు ఎవలు కొంటరు సాబ్?" అని వెంకటనర్సయ్య నెత్తి కొట్టుకున్నడు. అనుకుంటనే మూగ కడ్డీలు వాపస్ తీసుకున్నడు.

తెల్లారి మా ఇంటిముంగట ఆయన కడ్డీ కొరుకుతుంటె ఆడోళ్లు ఒకటే నవ్వుడు. "కలాయి సాబ్ తగరం తింటుండే!" చెవులు వినవడవని తర్వాత అందరికీ తెలిసింది. ఎవలూ గిన్నె ఆపలే. పళ్లు ఉన్నన్ని రోజులు ఆయన కొరికిండు, మేము పులుసు కాసుకున్నం.

కొన్నేండ్లకు అహేరి అంగడిల ఇంకో కలాయోన్ని చూసిన. పడుచోడు, చెవులు బాగనే ఉన్నయి. కడ్డీ చెవికాడ వంచి "మంచిదే" అన్నడు. జిమల్‌గట్ట నుంచొచ్చిన ఒకామె గిన్నె ఎన్కకు గుంజుకుంది.

"ఎహె, కొరికి చెప్పు. కొరకకుండ కలాయి ఎట్లయితది?"

వాడు ఇటు చూసి, అటు చూసి, కడ్డీ నోట్ల పెట్టుకున్నడు.