భూమి ఊగిన రోజు కోడిగుడ్డు అన్నం

నా చిన్నప్పుడు బడికి సెలవులిచ్చారంటే నా మధ్యాహ్నాలన్నీ పక్కింటి ఆంటీ దగ్గరే గడిచేవి. వెల్లింగ్టన్ పక్క ఊరు లోవర్ హట్‌లో కొండవైపు ఉండేవి మా ఇళ్ళు. అమ్మ రోజూ ట్రైన్‌లో వెల్లింగ్టన్ ఆఫీసుకు వెళ్ళొచ్చేది. నాన్న పనిమీద తరచూ ఆక్లాండ్‌లో ఉండేవారు. పక్కింటి ఆంటీది జపాన్. ఒక్కతే ఉండేది. నాకు తెలుగు అర్థమయ్యేదే కాని మాట్లాడటం వచ్చేది కాదు, ఆవిడకు అసలే రాదు, కాబట్టి మా కబుర్లన్నీ ఇంగ్లీషులోనే. అయినా ఆ రోజు ఆవిడ అన్న మాటలు ఎందుకో నాకిప్పుడు తెలుగులోనే వినిపిస్తాయి.

ఆ రోజు అమ్మ ఆఫీసు నుంచి త్వరగా బయల్దేరతానని చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నం ఆంటీ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నేను బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు వేసుకుంటున్నాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వీధిలో పెద్ద లారీ ఏదో వెళ్తోందనుకున్నాను. అంతలో ఇల్లంతా ఊగింది. ఆంటీ కత్తిని సింకులోకి విసిరేసి, నన్ను బల్ల కిందికి లాగి, తను నా మీదికి వంగి కప్పేసింది. అరల్లోంచి పింగాణీ గిన్నెలు పడి పగులుతున్నాయి. ఎంతసేపు ఊగిందో చెప్పలేను. ఇక ఆగదేమో అనుకున్నాను.

ఆగాక ఇద్దరం పెరట్లోకి వచ్చాం. కరెంటు లేదు. ఫోన్ ఎన్నిసార్లు చేసినా అమ్మకు కలవలేదు. ఆంటీ బ్యాటరీ రేడియో పెట్టింది. ట్రైన్లు ఆపేశారనీ, సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు ఎత్తైన చోటికి వెళ్ళిపోవాలనీ చెప్తున్నారు. అది విన్నాక నా కాలు ఒకచోట నిలవలేదు. వెల్లింగ్టన్ నుంచి వచ్చే పట్టాలు సముద్రం అంచునే ఉంటాయి. భూకంపం గట్టిగా వస్తే వెనకాలే అలలు రావచ్చని మాకు బడిలో నేర్పారు. అమ్మ ఆ ట్రైన్‌లో ఉందో, ఆఫీసులోనే ఉందో ఎవరికి తెలుసు?

గేటు దాకా పరిగెత్తడం, వీధి చివరి వరకు చూడటం, మళ్ళీ ఆంటీ దగ్గరికి రావడం. ఇదే పని. మధ్యమధ్య కాళ్ళ కింద నేల కదిలినట్టయ్యేది. "మళ్ళీ వస్తోంది!" అని అరిచి ఆంటీని పట్టుకునేదాన్ని. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు.

ఆంటీ నన్ను కోప్పడలేదు. ఒక గిన్నెలో నీళ్ళు పోసి సిమెంటు గచ్చు మీద పెట్టింది.

"ఇటు చూడు. నీళ్ళు వణికితే ఊగేది భూమి. నీళ్ళు కదలకపోతే ఊగేది నీ కాళ్ళు. భూమి ఊగితే ఇద్దరం కింద కూర్చుందాం. నీ కాళ్ళయితే పరిగెత్తక్కర్లేదు."

తర్వాత నేల కదిలినట్టు అనిపించినప్పుడల్లా ముందు గిన్నెలోకి చూశాను. నీళ్ళు కదల్లేదు. ఇంకోసారి చూశాను, అప్పుడూ కదల్లేదు. కాసేపటికి నిజంగానే సన్నటి వలయాలు లేచాయి. ఇద్దరం గడ్డిలో చతికిలబడ్డాం. అవి ఆగాక లేచాం. భయం పోయిందని చెప్పను. కాని ఏది నిజమో, ఏది నా ఒంట్లోదో చూసుకోవడానికి నాకొక చోటు దొరికింది.

అప్పుడు ఆంటీ డబ్బా పెట్టి వెలిగించే చిన్న గ్యాస్ స్టవ్ పెరట్లోకి తెచ్చింది. పొద్దున మా కుక్కర్లో అమ్మ వండి నాతో పంపిన అన్నం ఉంది. ఆంటీ వెడల్పాటి పెనంలో కాసిని నీళ్ళు, సోయా సాస్, కొంచెం పంచదార, ఎండుచేప పొడి వేసి, తరిగిన ఉల్లిపాయలూ కోడిమాంసం ముక్కలూ అందులో ఉడకనిచ్చింది. గుడ్లు కొట్టే పని నాకిచ్చింది. బాగా గిలక్కొట్టబోతే ఆపింది. తెల్లసొనా పచ్చసొనా కాస్త విడివిడిగానే ఉండాలట. గుడ్డు పోసి, మూత పెట్టి, సగం గట్టిపడగానే దించేసి వేడన్నం లేకపోయినా ఆ చల్లన్నం మీదే జార్చింది.

నన్ను నవ్వించాలనే కాబోలు, దాని పేరు చెప్పింది. ఒయాకొడోన్. ఒయా అంటే తల్లి, కో అంటే బిడ్డ. కోడీ గుడ్డూ ఒకే గిన్నెలో ఉంటాయి కాబట్టి ఆ పేరట. అది వినగానే నాకు ఏడుపు ఆగలేదు.

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

"నాకు తెలీదు," అంది ఆంటీ. "వచ్చేసరికి ఆకలితో ఉంటుందని మాత్రం తెలుసు. నువ్వు తిను. తన గుడ్లు పక్కన పెడదాం. అవి అప్పటికప్పుడు పోస్తేనే బాగుంటాయి."

నాకు రెండు ముద్దలు కూడా దిగలేదు. గుడ్ల దగ్గర కాపలా కూర్చున్నాను.

చీకటి పడబోతుండగా గేటు చప్పుడైంది. ఆఫీసు బూట్లు చేత్తో పట్టుకుని, మట్టి కొట్టుకున్న కాళ్ళతో అమ్మ వచ్చింది. నన్ను ఎత్తుకుని మొదట అడిగిన మాట, "తిన్నావా తల్లీ?" ఆ తర్వాతే మిగతావన్నీ. "ట్రైన్ ఎక్కబోతుంటేనే ఊగిందమ్మా. సముద్రం దారి వద్దన్నారు. కొండ రోడ్డు మీద ఎవరో అంకుల్ కొంతదూరం డ్రాప్ చేశారు. తక్కిందంతా నడిచే వచ్చా."

ఆంటీ మళ్ళీ స్టవ్ వెలిగించింది. గుడ్డు తీసుకుంది, కాని కొట్టలేకపోయింది. అంతసేపూ స్థిరంగా ఉన్న ఆ చేతుల్లోంచి అది జారింది. గుడ్డు గచ్చు మీద పడి పగిలింది. ఆవిడ మెట్ల మీద కూర్చుని చేతుల్లో ముఖం దాచుకుంది. అమ్మ నన్ను దించి, స్టవ్ కట్టేసి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. నేను తినకుండా వదిలేసిన గిన్నె తీసుకుని, ఒకే చెంచాతో ఆవిడకో ముద్ద, తనకో ముద్ద.

ఆంటీ చిన్నతనంలో వాళ్ళ ఊరూ అలాగే ఊగిందనీ, ఆ రోజు ఆవిడా గేటు దగ్గర నిలబడి వాళ్ళమ్మ కోసం చూసిందనీ, ఆ తల్లి తిరిగి రాలేదనీ అమ్మ నాకు చెప్పింది, నేను పెద్దదాన్నయ్యాక.

ఇప్పుడు నా ఇంట్లో ఎవరైనా రావలసిన వేళకు రాకపోతే, నా పిల్లలు నా ముఖంలోకి చూస్తారు. "ఏం కాదులే" అన్న మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. ఆంటీ ఆ మధ్యాహ్నమంతా ఆ మాట అనలేదు. ఆ మాట ప్రతిసారీ నిజం కాదని ఆవిడకు తెలుసు. అందుకని నేనూ అనను. వాళ్ళను వంటింట్లోకి పిలిచి, చేతికి ఏదో ఒక పని ఇస్తాను. నాకు అబద్ధం చెప్పకుండానే ఒక మనిషి నన్ను అంతటి సాయంత్రం దాటించింది. నాకూ చేతనవుతుందేమోనని ప్రయత్నిస్తాను.