వజీర్ టైలర్ కుడికాలు

అమీర్‌పేట చౌరస్తా వెనక సందులో వజీర్ ఏం కుడుతున్నాడో లోపలికి చూడకుండానే, మిషను చప్పుడును బట్టి చెప్పొచ్చు. ప్యాంటు పక్కకుట్టయితే మిషను ఒకటే పరుగు. కాలరు మూలయితే ఆగి ఆగి రెండు కుట్లు, మళ్లీ ఒక కుట్టు. సూది బట్టలో ఉండగానే చక్రం ఆగాలి. ఆ పనంతా పెడల్ మీది కుడికాలిది. మోటారు పెట్టించుకొమ్మని చాలామంది చెప్పారు. "మోటార్ ఉరుకుతది, ఆగుమంటే ఆగదు," అనేవాడు.

యూసుఫ్‌గూడలో ఒక అద్దెగది, అమీర్‌పేటలో ఈ దుకాణం. చిన్నప్పుడు మేనమామ దగ్గర గుండీలు కుట్టడంతో మొదలుపెట్టి, లక్డీకాపూల్ ఆఫీసుల గుమాస్తాలు సఫారీ సూట్ల కోసం వెతుక్కుంటూ వచ్చేదాకా ఎదిగాడు. కుదురు మాత్రం లేదు. అన్నం తింటున్నా పాదం పెడల్ తొక్కుతున్నట్టే ఆడేది. భార్య జహీరా మోకాలు పట్టుకుని ఆపేది.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఆ కాలే మొరాయించింది. నడుములో మొదలైన నొప్పి పిరుదు మీదుగా పిక్కలోకి దిగింది. తర్వాత కాలివేళ్లు పైకి లేవడం తగ్గింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. పంజాగుట్ట ఆసుపత్రిలో ఫొటోలు తీసి, వెన్నుపూసల మధ్య మెత్తటి భాగం జారి నరాన్ని ఒత్తుతోందన్నారు. ఆపరేషన్ చేస్తే బలం రావచ్చు, రాకపోనూవచ్చు.

"పెడల్ తొక్కుతనా?" అని ఒక్కటే అడిగాడు వజీర్. అది అయ్యాక చూద్దామన్నారు.

ఆపరేషన్ అయి మెలకువ వచ్చేసరికి నొప్పి లేదు. కాలూ లేనట్టే ఉంది. మత్తు డాక్టరు కమలకుమారి మంచం పక్కన నిలబడి చెప్పింది. నడుములో నరాల పక్కన సన్నటి గొట్టం ఉంచారు. దాన్ని వీపు మీదుగా భుజం దాకా అతికించారు. అందులో మందు పోస్తే నొప్పి మోసే నరాలు కాసేపు పని మానేస్తాయి, కాలు కూడా మొద్దుబారుతుంది. రేపటి నుంచి మందు పలచన చేస్తానంది. మగతలో ఉన్న వజీర్ తల ఊపాడు గానీ ఒక్క మాటా ఎక్కలేదు.

తెల్లారాక కాలు అలాగే ఉంది. పక్క మంచం మీద బోరబండ పెంటయ్య ఉన్నాడు. ఇటుకలు మోస్తూ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"పెంటయ్యా, జర నా వేళ్లు చూడు. కదుల్తున్నయా?"

"యాడ కదుల్తున్నయ్ భాయ్?"

"మంచిగ చూడు."

"చూసిన. నా కాలు సుత చూడు, మేకను ఏలాడదీసినట్టు ఏలాడదీసిండ్రు. నేను ఫికర్ చేస్తున్ననా?"

"నీది చేతుల పని."

"నిచ్చెన చేతులతోని ఎక్కుతరా భాయ్?"

వజీర్‌కు నవ్వు రాలేదు. తొడ గిల్లుకున్నాడు. తెలియలేదు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. ఆ దొర్లుడుకు వీపు మీది పట్టీ ఊడింది. నడుము సవరించుకుంటున్న వేళ్లకు సన్నగా ఏదో తగిలింది. బస్సులో ముందు నిలబడ్డవాడి చొక్కాకు దారం వేలాడినా తెంపకుండా ఉండలేని చెయ్యి అది. దాన్ని వేలికి చుట్టుకుని పుటుక్కున లాగాడు. తెగలేదు. జానెడు, మూరెడు, వస్తూనే ఉంది.

గంజి తెచ్చిన జహీరా గుమ్మంలోనే అరిచింది. "అజీ! ఏం గుంజినవ్?"

కమలకుమారి పరుగున వచ్చి గొట్టం కొసను వెలుగులో పట్టి చూసింది. "ముక్క లోపల మిగల్లేదు, బతికిపోయారు. ఏంటండీ ఈ పని?"

"కుట్ల దారం అనుకున్న డాక్టరమ్మా. కొస వదిలేసిండ్రేమో అని."

"మేం కొసలు వదిలేస్తామా?"

"మంచి దర్జీ అయితే వదలడు," అన్నాడు వజీర్, అలవాటుగా. ఆమెకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి.

మధ్యాహ్నానికి మందు మత్తు దిగిపోయింది. కాలికి స్పర్శ వచ్చింది, దానితోపాటు నొప్పీ వచ్చింది. వేలు కదపాలని అనుకుంటేనే నడుము చీలినట్టయింది. మంచం అంచు పట్టుకుని చెమటలు కక్కాడు. కమలకుమారి ఈసారి తోకఎముక దగ్గర ఇంజెక్షన్ చేస్తానంది.

"వద్దు. మళ్ల కాలు పోతది. అది ఉన్నదో లేదో నాకు తెల్వాలె."

"తెలిసిందా మరి?"

వజీర్ వేళ్లు కదపబోయి మూలిగాడు.

"నొప్పికి బిగుసుకుపోయారు. కాలు రానిది నరం వల్లో, నొప్పి వల్లో మీకూ తెలీదు, నాకూ తెలీదు. నొప్పి మోసే నరాలు సన్నవండీ. కండను కదిపేవి లావు. మందు పలచగా ఇస్తే ముందు సన్నవాటినే పట్టుకుంటుంది. నిన్న చెప్పాను కదా?"

"ఇయ్యండి అమ్మా," అంది జహీరా. "పెళ్లయినప్పటి నుంచి గీ కాలు ఆపలేక నేను చస్తున్న. గిప్పుడు ఆగిందని గీన ఏడుస్తుండు."

వజీర్ బోర్లా తిరిగాడు.

సూది దిగాక నొప్పి మెల్లగా దూరమైంది. ఈసారి కాలు తనదే అనిపించింది. కమలకుమారి అరికాలికి చెయ్యి ఆనించి తొయ్యమంది. మడమ గట్టిగానే తోసింది. "ఇప్పుడు వేళ్లు పైకెత్తండి." ఎత్తబోయాడు. లేవలేదు. మళ్లీ ప్రయత్నించాడు.

"భాయ్, బొటనవేలు లేచింది!" అన్నాడు పెంటయ్య.

"జూట్ మాట్లాడకు."

"నా కాలు మీద ఒట్టు!"

"ఇరిగిన కాలు మీద ఒట్టేంది?"

కమలకుమారి వేలి మీద వేలు పెట్టి చూసింది. "లేచింది. కొంచెమే. రేపు నడుద్దాం."

మర్నాడు ఇంజెక్షన్ వేళకు పిలవకముందే బోర్లా పడుకున్నాడు. నొప్పి తగ్గాక కాలి బలం చూసి, జహీరా భుజం మీద చెయ్యి వేయించి వరండాలో నడిపించారు. కుడికాలి వేళ్లు అడుగడుక్కూ గచ్చుకు రాసుకుంటున్నాయి. వజీర్ తలొంచుకుని ఆ రాపిడే వింటున్నాడు. గోడ దాకా వెళ్లి తిరిగారు. సగం దూరం వచ్చాక ఠక్కున ఆగిపోయాడు.

"ఏమైంది? నొస్తున్నదా?"

"లేదు. గిప్పుడేసిన అడుగు ఇన్నవా?"

"నాకేం ఇనపడలే."

"మరి?" అన్నాడు వజీర్.

జహీరా ఒకసారి అతని పాదం వంక చూసి, నడుము చుట్టూ చెయ్యి బిగించింది. "సరే, ఇంకోటి ఎయ్యి. చూస్త."