దిష్టి తగలని మాటలు

మా అక్క కూతురు ఆదోనిలో బ్యూటీ పార్లర్ పెట్టినప్పుడు గోడనిండా ఇంగ్లీషు మాటలు అంటించింది. గార్జియస్, స్టన్నింగ్, గ్లామరస్, క్యూట్. నేను పత్తి మండీలో లెక్కలు రాసేవాణ్ణి. బడిలో చదివింది తక్కువ. లెక్కలైనా ఇంగ్లీషైనా నాకు నేను నేర్చుకున్నవే. ఆ మాటలకు డిక్షనరీలో అర్థాలు చూశాను. ఒకటి కళ్లు జిగేలుమనేంత అందమట, ఇంకొకటి దిమ్మ తిరిగేంత అందమట. పుస్తకంలో ఒక్కో మాటకు ఒక్కో బరువుంది. మా వీధిలో ఆ తేడా లేదు. కొత్త బైకు స్టన్నింగ్, బిర్యానీ స్టన్నింగ్, పక్కింటి కుక్కపిల్ల కూడా స్టన్నింగ్. ప్రతి కుప్పనూ మొదటి రకమేననే దలాలి మాట మా మండీలో ఎవరూ వినరు.

మా వైపు అందాన్ని పైకి అనే అలవాటు లేదు. బిడ్డ ముద్దుగా ఉంటే "ఏం బిడ్డమ్మా, కోతి మాదిరి ఉండాడు" అంటారు. దూడ బాగుంటే మొహం తిప్పుకుని పోతారు. బాగుందని నోరు జారితే దిష్టి తగులుతుందని భయం. చిన్నప్పుడు ఎవరైనా మా అక్క జడను మెచ్చుకుంటే, వాళ్లు వీధి మలుపు తిరగకముందే మా అమ్మ ఉప్పు దిగదుడిచేది. ఆ అమ్మే ఇప్పుడు, ఎదురింటి టీచరమ్మ మా అక్క కూతుర్ని "సో బ్యూటిఫుల్" అంటే, నవ్వి టీ ఇస్తుంది. ఉప్పు జోలికి పోదు. ఎందుకని అడిగాను.

"ఇంగ్లీషుకు దిష్టి తగల్దు లేరా" అంది.

ఆ మాటల మీద ఇంతకు మించిన తీర్పు నేను వినలేదు.

పార్లర్ నడవలేదు. వచ్చినవాళ్లు అద్దం ముందు ఫొటో తీసుకుని, గోడ మీది మాటల్లో ఏదో ఒకటి అనేసి పోయేవారు. మళ్లీ వచ్చేవారు కాదు. ఈ పెండ్లిళ్ల కాలంలో పెండ్లికూతుళ్లను సింగారించే పని దొరక్కపోతే కొట్టు మూసి, మునుపు చేసిన, పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు పనికే పోతానని పిల్ల తేల్చేసింది. ఆ మాట అనేసి పార్లర్ అద్దం ముందే కూర్చుని ఏడ్చింది కూడా. అప్పుడే ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్ల ఇంటి నుంచి మొదటి పిలుపు వచ్చింది. ఆదివారం మండీ ఉండదు కాబట్టి పెట్టెలు మోయడానికి నేనూ బస్సెక్కాను.

పెండ్లికూతురు తయారయ్యేసరికి స్నేహితురాళ్లు ఫోన్లు పట్టుకుని గదిలోకి వచ్చారు. గార్జియస్ అక్కా, స్టన్నింగ్ అక్కా. ఒకతె తల ఎత్తకుండానే అంది. ఆమె చూసుకుంటున్నది తన ఫొటోనే. మా పిల్ల ముఖం మాత్రం వెలిగిపోయింది. ఊరుకోలేక, ఏం బాగుందమ్మా, కాటుకా, జడా అని ఆ అమ్మాయిని అడిగాను. "అంతా" అంది. మొత్తం ఎంతయిందంటే "చానా" అని చెప్పే గుమాస్తాను మేము ఒక పూట కూడా ఉంచుకోము.

అప్పుడు పెండ్లికూతురి అవ్వ వచ్చింది. తొందరపడలేదు. నుదురు చూసింది, కనుబొమలు చూసింది, జడ చేతిలోకి తీసుకుని చూసింది, చీర కుచ్చిళ్లు వంగి చూసింది.

"ఏం మొగమే ఇది. గుడ్లగూబ మాదిరి సేసినావు గదమ్మే మా పిల్లని."

ఫోన్ల చాటున అమ్మాయిలు కిసుక్కుమన్నారు. మా పిల్ల ముఖం వాడిపోయింది. గడప దగ్గరున్న నాకు సంగతి తెలుసు. చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను. అది మెచ్చుకోలని పైకి చెబితే నేనే మెచ్చుకున్నట్టు. అవ్వ కట్టిన కంచె నేనే పీకినట్టు. మా అమ్మ చేతుల్లో పెరిగింది కదా, తనకే తెలుస్తుందనుకున్నాను. తెలియలేదు. దూది తడిపి పెండ్లికూతురి చెంప దగ్గరకు తీసుకుపోయింది.

"తుడిసేసి మళ్లా సేస్తానవ్వా."

అవ్వ ఆ మణికట్టు పట్టుకుంది. "తుడిసినావంటే సేయి ఇరుస్తా."

"బాగలేదంటివి గదా."

"పీటల మీదికి పోయే పిల్లని ఇంకేమంటారే. మీ ఇంట్లో పెద్దోళ్లు లేరా నీకి?"

ఉప్పు, ఎండుమిరపకాయలు తెప్పించింది. పెండ్లికూతురికి దిగదుడిచింది. తర్వాత మా పిల్ల రెండు చేతులూ ముందుకు చాపించి వాటి చుట్టూ తిప్పింది. సేసిన సేతులకి గూడా తగుల్తాదని గొణిగింది. మిరపకాయలు నిప్పుల్లో వేస్తే కొంచెమైనా ఘాటు రాలేదు. గదిలో ఒక్కరూ దగ్గలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు. పొద్దుటి నుంచి అన్ని పొగడ్తలు విన్నాను గానీ కొలత ఉన్నది ఇదొక్కటే.

"మాఘంలో సిన్న మనమరాలి పెండ్లి. దానిక్కూడా ఈ గుడ్లగూబ పనే సేయల్ల" అని అవ్వ బయటికి పోయింది.

తాళి కట్టడం అయ్యాక, హాలహర్వి నుంచి వచ్చిన ఒకావిడ, "ముసలామె తిట్టింది నిన్నేనా" అని మా పిల్లను వెతుక్కుంటూ వచ్చి, పార్లర్ యాడుందని అడిగింది. స్టన్నింగ్ అన్నవాళ్లలో ఎవరూ ఆ ముక్క అడగలేదు.

కొట్టు మూయలేదు. ఇప్పుడు మా పిల్ల పెండ్లికూతురిని తయారుచేశాక, ఆఖరున ఏదో ఒక తిట్టు తిట్టి పంపుతుంది. గోడ మీది మాటలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకా ఆ చెత్త ఎందుకు, పీకేయమన్నాను.

"ఉండనీ మామా," అంది, "కొట్టుకి దిష్టి తగలకుండా."