విభక్తుల మేడమ్ పై క్లాసుకి వెళ్లిన మూడు నెలలు

ఇటలీ కొండల మీద ఉన్న ఆ ఊరి హైస్కూల్లో లాటిన్ ఐదేళ్లు చదవాలి. ఎర్మెలిందా మేడమ్ ఇరవై ఎనిమిదేళ్ల నుంచీ మొదటి రెండేళ్ల పిల్లలకే చెబుతోంది. మొదటి ఏడాది విభక్తులు. పాఠంలోని వాక్యాల్లో నావికుడు రైతు కూతురికి గులాబీ ఇస్తాడు, రైతు కూతురు నావికుడికి గులాబీ ఇస్తుంది. ఏడాది పొడుగునా గులాబీలు అటూ ఇటూ తిరుగుతాయే గాని పెళ్లి మాత్రం జరగదు. రెండో ఏడు క్రియలు. అవి వచ్చేసరికి సగం మంది పిల్లలకి జ్వరాలు మొదలవుతాయి. ఊళ్లో చాలామందికి ఆవిడ అసలు పేరు తెలీదు. 'విభక్తుల మేడమ్' అంటే చేపలమ్మే ఆయన కూడా ఇల్లు చూపిస్తాడు.

పై మూడేళ్లూ స్క్వార్చా మాస్టారివి. మూడో ఏడు యుద్ధాలు, నాలుగో ఏడు కోర్టు ప్రసంగాలు, ఐదో ఏడు కవిత్వమూ, చావు గురించిన తత్వమూ. ఆయన మెడకి పట్టు కండువా చుట్టుకుని, కిటికీలోంచి కొండల్ని చూసి నిట్టూర్చి గాని పాఠం మొదలుపెట్టడు. ఆయన దగ్గర చదివిన పిల్లలు పద్దెనిమిదేళ్లకే చావడానికి సిద్ధంగా ఉంటారు గాని, వాక్యంలో కర్త ఎవరో చెప్పలేరు.

"ఏమండీ ఎర్మెలిందా గారూ, ఇంకా గులాబీలేనా? పైన మా దగ్గర అన్నీ ముళ్లేనండీ," అనేవాడు కాఫీ మిషన్ దగ్గర.

"ముళ్లయితే గుచ్చుకుని మేలుకోవాలి కదండీ. మీ క్లాసు గురకలు కింద మా దాకా వినపడుతున్నాయి," అనేది ఆవిడ.

అలా అనేదే గాని, పై క్లాసు మీద ఆవిడకీ ఆశ లేకపోలేదు. ఐదో ఏడు పాఠాలన్నీ ఏనాడో నీలం అట్ట నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. ఏ కవిత దగ్గర గొంతు తగ్గించాలో కూడా పక్కన రాసుకుంది.

మార్చిలో స్క్వార్చా మాస్టారు మంచులో జారుడాటకి వెళ్లి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆఖరి పరీక్షకి మూడు నెలలే ఉన్నాయి. హెడ్మాస్టర్ మాస్ట్రాంజోలి గారికి ఇంకెవరూ దొరక్క ఆవిణ్ణి పిలిచాడు.

మొదటి రోజు మేడమ్ జుట్టు దువ్వించుకుని, వాళ్లమ్మ బ్రోచ్ కోటుకి పెట్టుకుని వెళ్లింది. నోటుబుక్కు తెరిచి కవిత చదివింది. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించింది. కళ్లు కూడా చెమ్మగిల్లాయి. అంతలో లాయర్ పంతలేయో గారి కూతురు లుడోవికా చెయ్యెత్తింది.

"మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇందులో క్రియ ఏదమ్మా?"

"ఇక్కడ కవి అంతరంగ సంక్షోభం కనిపిస్తుంది మేడమ్."

"సంక్షోభం సరే. క్రియ కనిపిస్తోందా?"

పంతొమ్మిది తలలు ఒక్కసారిగా డిక్షనరీల్లో మునిగాయి.

"సార్ క్రియలడగరు మేడమ్, భావం అడుగుతారు," అంది లుడోవికా.

"క్రియ తెలీకుండా భావం ఎలా తెలిసిందే నీకు?"

"సార్ చెప్పేస్తారు కదా!"

నాలుగేళ్ల కిందట ఇదే పిల్లకి పదికి తొమ్మిది మార్కులు వేసింది తనే. అది గుర్తొచ్చి మేడమ్‌కి కోపం కంటే సిగ్గు ఎక్కువైంది. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టేసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నావికుణ్ణి రాసింది.

మర్నాడే లాయర్ గారు హెడ్మాస్టర్ గదిలో వాలాడు. మేడమ్‌ని పిలిపించారు.

"మా అమ్మాయి తత్వం చదివే పిల్లండీ. దానిచేత మళ్లీ గులాబీలు పంచిపెట్టిస్తారా?"

"మీరూ ఈ బళ్లోనే ఐదేళ్లు చదివారు కదండీ లాయర్ గారూ. హెడ్మాస్టర్ గారి వెనకాల గోడకున్న ఆ రాతి పలక మీద లాటిన్‌లో ఏం రాసుందో కాస్త చెప్తారా?"

లాయర్ గారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "జ్ఞానమే... వెలుగు. అంతేగా?"

"కాదండీ. 'ఈ ఇల్లు అనాథ పిల్లల చదువు కోసం ఇచ్చాను' అని దాత చెక్కించిన పలక అది."

తొమ్మిదేళ్లుగా ఆ పలక కిందే కూర్చుంటున్న హెడ్మాస్టర్ కూడా కుర్చీలో వెనక్కి తిరిగి చూశాడు. ఆ బళ్లో ఒక్క అనాథ పిల్లాడు చేరిన జ్ఞాపకం ఆయనకి లేదు. లాయర్ గారికి కోర్టు పని గుర్తొచ్చింది.

ఆ మూడు నెలలూ పై క్లాసు పిల్లలు విభక్తులు వల్లించారు. మొదట ఏడుపు మొహాలు పెట్టారు. తర్వాత లుడోవికాయే పక్కపిల్లని, "ముందు క్రియ పట్టుకోవే, ఏడవడం తర్వాత," అని కసరడం మొదలుపెట్టింది. పరీక్షలో వచ్చిన అనువాదం గట్టిదే. పంతొమ్మిది మందిలో పదహారు మంది గట్టెక్కారు. అందులో నలుగురికి మంచి మార్కులు కూడా వచ్చాయి.

ఫలితాలు అంటించిన రోజు స్క్వార్చా మాస్టారు చంకల్లో కర్రలతో వచ్చాడు. పిల్లల తల్లిదండ్రులు ఆయన్ని కావలించుకున్నారు. "మూడేళ్ల కిందట నాటిన విత్తనమండీ ఇది!" అని ఆయన కండువాతో కళ్లొత్తుకున్నాడు. లాయర్ గారు ఆయనకి ఓ పెద్ద మిఠాయి పెట్టె ఇచ్చాడు. మేడమ్‌కి లుడోవికా దూరం నుంచి చెయ్యూపింది.

హెడ్మాస్టర్ మాత్రం మర్యాద మర్చిపోలేదు. 'తాత్కాలిక సహాయానికి' ధన్యవాదాలంటూ ఉత్తరం పంపాడు. గౌరవంగా ఉంటుందని చివర్లో ఓ లాటిన్ వాక్యం సొంతంగా రాశాడు. అందులో రెండు విభక్తులు తప్పు. మేడమ్ ఎర్ర పెన్నుతో వాటిని దిద్ది, పదికి నాలుగు వేసి, 'మళ్లీ రాయండి' అని కింద రాసి ఆఫీసు గుమాస్తా చేత వెనక్కి పంపింది.

సెప్టెంబరులో కొత్త టైంటేబుల్ వచ్చింది. అందరూ తప్పించుకునే శనివారం ఆఖరి పీరియడ్లన్నీ ఆవిడకే పడ్డాయి.

"పోనీ, పై క్లాసు మళ్లీ అడక్కపోయారా?" అంది లెక్కల టీచరు జాలిగా.

"ఎందుకడగను? అడిగాను. స్క్వార్చా గారి కాలు బ్రహ్మాండంగా అతుక్కుందన్నారు," అని మేడమ్ కాఫీ కప్పు కడిగి బోర్లించి, కొత్త పిల్లల హాజరు పట్టీ తీసుకుని మెట్లు దిగింది.