సిగ్నల్ చెయ్యి వాలని పొద్దు

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా ఊరు రైలు మీదే బతికేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అడవి అంచున నేల కొన్న మాలాంటి వాళ్ల మిరప బస్తాలు స్టేషన్ ముందు గుట్టలుగా పడి ఉండేవి. టీ కొట్లు, బియ్యం మర, బట్టల దుకాణం అన్నీ ఆ బస్తాల చలవే. తరువాత లారీలు చేలగట్ల దాకా వచ్చాయి. గూడ్సు ఆగడం మానేసింది. కొట్లు మూతపడ్డాయి. చివరికి స్టేషన్ మాస్టరునూ తీసేసి, పొద్దున ఒక్క ప్యాసింజరు ఆగే హాల్టుగా మిగిల్చారు.

స్తంభం మీది సిగ్నల్ చెయ్యి వాలాకే ఇంట్లోంచి కదలడం మా ఊరి అలవాటు. అది మా అరుగు మీదికి కనిపించేది. వాలిందంటే రైలుకు ఇంకా పది నిమిషాలు.

ఆ పొద్దున మా మూడేళ్ల పాపకు జ్వరం తలకెక్కి కళ్లు తేలేసింది. ఆయన మిర్చి అమ్మడానికి ఖమ్మం వెళ్లి ఉన్నారు. పాపను భుజాన వేసుకుని, రాముణ్ణి తలుచుకుంటూ, నేనూ అత్తయ్యా ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాం. వారం కిందటే రైల్వే వాళ్లు దాని తీగలు కోసేశారు. తీగ తెగిన చెయ్యి ఎలా వాలుతుందని ఇద్దరికీ తోచలేదు.

కూత వినబడింది.

"అయ్యో, బండి వచ్చేసిందే! పరుగెత్తు!" అంది అత్తయ్య.

నేను చేరేసరికి రైలు కదిలింది. చివరి పెట్టె తలుపు దగ్గర, విస్తరాకుల కట్టలతో ఉన్న అడవి గూడెపు మనిషి ఒకామె చేతులు చాచింది.

"పిల్లనియ్యమ్మా! జల్దీ ఇయ్! కొత్తగూడెం దవాఖానాల ఉంట!"

ఇచ్చేశాను. నేను ఎక్కబోతే తలుపు కమ్మీ అందలేదు.

వెనక నుంచి అత్తయ్య రొప్పుతూ వచ్చి, "ఎవరికిచ్చావే?" అంది. నాకు తెలిస్తే కదా! బస్సు దొరికేదాకా రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. పెదవులు రామా రామా అంటున్నా, ఆమె పాపను ఎత్తుకుని అడవిలోకి పోతున్నట్టే కనబడేది. అలా అనుకున్నందుకు దేవుడు నన్ను క్షమించాలి.

దవాఖానాలో పాప చేతికి సూది ఉంది. మంచం పక్కన నేల మీద ఆమె.

నా ముఖం చూసి నవ్వింది. "ఏందమ్మా, ఎత్కపోతననుకున్నవా? నా ఇంట్లనే ఆరుగురున్నరు. నీ పిల్లనేం జేస్కోను?"

ఆకుకట్టలు రైల్లోనే పోయాయట. కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగింది.

మధ్యాహ్నానికి పాప కళ్లు తెరిచింది. నేను చేతులు చాపితే బెదిరిపోయి, ఆమె కొంగు పట్టుకుంది.