రాజుగారి మీసం

ఏడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అరచేతిలో పట్టే వెండి గిన్నె అంత. అంతేగా అని నన్ను నేను బాగానే నమ్మించుకున్నాను. మిమ్మల్ని నవ్వించకుండా చెప్పాలని చూస్తాను. అలవాటు లేని పని.

మాది జాలరిపేట. ఒక తెల్లవారుజామున అన్నయ్య వలలో చేపలతోపాటు నల్లటి గిన్నె ఒకటి వచ్చింది. వలలో వింత వస్తువేది పడ్డా ముందు గంగమ్మ పటం దగ్గర పెట్టాలి. మసిగిన్నె పెడతామా? వదిన చేపలమ్మడానికి వెళ్లింది. చింతపండు, పిడికెడు ఇసుక తీసుకుని నేనే తోమాను. గుర్రం మీద రాజు తేలాడు, ముందు పరిగెత్తే పొట్టేలు తేలింది. పసుపుపచ్చటి పొడేదో నీళ్లలో పోయింది. తుప్పనుకున్నాను. రాజు మీసం కూడా కనపడాలని ఇంకా రుద్దాను. కాసేపటికి మీసం కాదు, ముఖమే లేదు.

అన్నయ్య కబురు చేస్తే మ్యూజియం మేడమ్ వచ్చింది. పాత పారశీక దేశపు పనితనమట, వెయ్యేళ్లు దాటిందట.

“ఇక్కడ బంగారు పూత ఉండేది. ఎవరు తోమారు?”

ఇంట్లో గిన్నెలెవరు తోముతారు? అందరూ వదిన వైపు చూశారు. నేను నోరు తెరిచాను. తెరిచి ఏమన్నాను?

“మా వదిన సేతిలో పడితే రాజుకైనా మీసం దక్కదండి.”

నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. “బుద్ధుండక్కర్లేదేటే?” అన్నాడు వదినతో.

“నాను ముట్టుకోనేదు,” అంది వదిన, ఒక్కసారే. ఎవరూ వినలేదు. నేను విన్నాను.

భయమేస్తే మనుషులు పారిపోతారు. నేను జోకేస్తాను. రెండూ ఒకటేనని ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టిందా?

గంగమ్మ పండగకి అమ్మవారికి నీళ్లు పట్టే పేట ఇత్తడి బిందె ఏటా తోమేది వదినే. అందులో ముఖం చూసుకోవచ్చు. నా జోకు పేటంతా తిరిగాక బిందె మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆమె అడగలేదు.

పోయిన వారం మ్యూజియంకి వెళ్లాను. గాజు వెనక గిన్నె. పొట్టేలు కొమ్ము మెలికలో ఆవగింజంత బంగారం. నా బొటనవేలు అక్కడికి చేరలేదన్నమాట. నా మొహంలో సంతోషం చూసి కాపలాదారు నా జేబుల వైపు చూశాడు.

ఈ ఏడు బిందె ఎవరికివ్వాలో తేల్చడానికి పేట ఆడవాళ్లు మా అరుగు మీద చేరారు. వదిన చివర కూర్చుంది. ఈ కాగితం వాళ్ల ముందు చదవబోతున్నాను. వదిన క్షమిస్తుందా? అది ఆమె ఇష్టం. బిందె వస్తుందా? తెలియదు. గిన్నె తోమింది నేను. రాసేశాను. గుండె కొంచెం తేలికైంది. జోకేదీ గుర్తు రావడం లేదు, లేస్తున్నాను.