నాలుగు అంచుల గుడ్డ

కువైట్‌లోని ఖైతాన్‌లో బస్సు ఆగే మూల వెనక సందులో ఒక దర్జీ షాపు ఉంది. రెండు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, వీధివైపు ఒక కిటికీ. కిటికీ పక్క మిషన్ సిద్ధయ్యది. పదకొండేళ్ళుగా ఆయన అక్కడే కూర్చుంటున్నాడు. ప్యాంట్లు పొట్టి చేస్తాడు. జిప్పులు మారుస్తాడు. కొలతలు తీయడం, కొత్తవి కుట్టడం మాస్టరు ఖాసిం వలి పని. షాపు నడిపేదీ అతనే. రాయచోటి మనిషి, సిద్ధయ్యకన్నా పదేళ్ళు చిన్న. పాత బట్టకు కత్తెర పెట్టాల్సి వస్తే మాత్రం సిద్ధయ్యకే ఇస్తాడు. పోగు వెంట తిన్నగా కోయడం ఆయనకు వచ్చినట్టు ఎవరికీ రాదు.

సిద్ధయ్య నేతగాడు. మాధవరంలో ఇరవై ఎనిమిదేళ్ళు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేశాడు. మగ్గం ఆపిన రోజు దాని మీద ఒక చీర సగంలో ఉంది. మిగతా సగానికి జరీ రాలేదు. వస్తుందని మూడు నెలలు చూసి, ఒక ఉదయం మగ్గానికి నిలువునా బిగించిన పడుగును బ్లేడుతో కోసేశాడు. మూడు గజాల ముక్క చేతికొచ్చింది. ఎర్ర గుడ్డ, పసుపు అంచు. కువైట్‌కు వచ్చేటప్పుడు అది పెట్టెలో పెట్టుకుని వచ్చాడు. సాయంత్రం షాపు మూసేముందు మిషన్ మీద కప్పుతాడు. కోసిన వైపు పోగులు ఇంకా వేలాడుతుంటాయి.

"పోగులు ఊడకుండా ఆ కొసకు ఓవర్‌లాక్ కొట్టు సిద్ధన్నా," అంటాడు ఖాసిం వలి. "చూసినోళ్ళు దర్జీ షాపా, బొంతల షాపా అంటారు."

"కొడతాలే."

పదకొండేళ్ళలో కొట్టలేదు.

మార్చి నెలలో ఒక ఉదయం సంజీవమ్మ ప్లాస్టిక్ సంచితో వచ్చింది. ఆమెది పుల్లంపేట. ఇక్కడ ఉమ్ నాసర్ అనే ఆమె ఇంట్లో పని. ఇళ్ళలో పనిచేసేవాళ్ళంతా యజమానురాలిని పిలిచినట్టే ఆమెను మామా అంటుంది. ఉమ్ నాసర్, ఈ షాపూ వీళ్ళ వీసాలూ ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ కఫీల్‌కు స్వయానా చెల్లెలు.

"అన్నా, మామా పంపించింది," అని సంజీవమ్మ సంచిలోంచి ఒక బరువైన ఉన్ని గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. "ఇద్దరు కూతుళ్ళకు చెరొక ముక్క కావాలంట. నడిమికి అడ్డంగా కోసి, కొసలు కుట్టి, పైన కడ్డీ దూర్చేదానికి మడత పెట్టమంది. గోడలకు తగిలిస్తారంట."

"యాడిదమ్మా ఇది?" అన్నాడు సిద్ధయ్య.

"పెరూ దేశం అంట. పోయిన సెలవల్లో పోయొచ్చినారు. ఆడ ఇంకాలని రాజులుండేవాళ్ళంట. వాళ్ళ కాలం నుంచీ నేస్తాండే మాదిరి గుడ్డంట. ఇప్పుడు ఇంట్లో అన్నీ అవేనన్నా. దిండ్ల మీద సూర్యుడు, గోడ మీద సూర్యుడు, ఆఖరికి చెమ్చా కొన మీద కూడా సూర్యుడు. తోమలేక చస్తాండా."

"బయట ఉండే సూర్యుడు చాల్లేదా వాళ్ళకు?" అన్నాడు ఖాసిం వలి.

సంజీవమ్మ నవ్వుతూ వెళ్ళిపోయింది. గురువారానికి కావాలని గుమ్మం దగ్గర చెప్పింది. ఖాసిం వలి టేపు పరిచి కొలిచాడు. నిలువునా ఎంత ఉందో అందులో సగానికి గుర్తు పెట్టి, గుడ్డకు అడ్డంగా తెల్ల సుద్దతో గీత గీశాడు.

"యల్లా సిద్ధన్నా, కానీ. పావుగంట పని."

సిద్ధయ్య కళ్ళద్దాలు పెట్టుకుని గుడ్డను కిటికీ వెలుతురులోకి జరిపాడు. మందంగా ఉంది. ఎరుపు మీద నలుపు, తెలుపు చారలు. చారల మధ్య చిన్న చిన్న కొండల్లాంటి, కళ్ళలాంటి గుర్తులు. అడ్డంగా పోయే పేక ఎక్కడా పైకి కనిపించలేదు. రంగంతా పడుగులోనే ఉంది. ఇలాంటి నేత ఆయన నేయలేదు. కానీ వేలికి తెలుస్తుంది.

కోసేముందు ఆయన ఎప్పుడూ చేసే పని ఒకటుంది. గుడ్డ మగ్గం నుంచి ఎక్కడ తెగిందో చూస్తాడు. అక్కడ పోగు ఎటు వాలిందో చూసి కత్తెర ఎటు పోవాలో నిర్ణయిస్తాడు. పక్క అంచులు చూశాడు. గట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. పై కొస చూశాడు. అదీ అంచే. కింది కొసకు తిప్పాడు. అదీ అంచే.

మళ్ళీ చూశాడు. ఎవరైనా మడిచి కుట్టారేమోనని గోరుతో గీరాడు. కుట్టు లేదు. పడుగు పోగు కొస దాకా వచ్చి, అక్కడ ఆగకుండా చుట్టు తిరిగి వెనక్కి పోయింది. ఒక్కొక్కటీ అలాగే పోయింది.

కింది కొసకు జానెడు పైన ఒకచోట వేలు ఆగింది. నాలుగు వేళ్ళ వెడల్పున నేత కొంచెం వదులుగా ఉంది. కొండల గుర్తులు అక్కడ కాస్త వంకర పోయాయి.

"ఈడ నిద్ర పోయినాడు నేసినోడు," అన్నాడు సిద్ధయ్య.

మాధవరంలో ఇలాంటి చోటు కనిపిస్తే షావుకారు చీర తిరగేసి మొహాన కొట్టేవాడు. సిద్ధయ్య ఆ మాట అనేసి కత్తెర తీసుకున్నాడు. తీసుకున్నాక ఆగాడు. మొత్తం గుడ్డలో ఇంకెక్కడా తప్పు లేదు. ఇంత చెయ్యి తిరిగిన మనిషి ఒక్కచోటే, అదీ ఈ పక్క నుంచి ఆ పక్క దాకా అడ్డంగా, ఎందుకు తప్పుతాడు?

కత్తెర పట్టుకునే కాసేపు కూర్చున్నాడు. మనసులో ఆ గుడ్డను మళ్ళీ మగ్గం మీదికి ఎక్కించి చూశాడు. రెండు కొసల్లోనూ అంచు ఉందంటే రెండు వైపుల నుంచీ నేశారు. నేస్తూ వస్తే నడుమ జాగా తగ్గుతూ పోతుంది. చివరికి నాలుగు వేళ్ళ జాగా మిగులుతుంది. అక్కడ పేక పోగు మోసే నాడె దూరదు. పడుగు విడదీయడానికి సందు ఉండదు. ఇంకెవరైనా అయితే అక్కడ ఆపి కోసేస్తారు. తానూ కోశాడు, కొన్ని వేలసార్లు. ఈ మనిషి ఆపలేదు. సూది తీసుకుని, ఒక పోగు కింద నుంచి, ఒక పోగు మీద నుంచి, చేత్తో నింపుకుంటూ పోయాడు. ఆ నాలుగు వేళ్ళకు మిగతా గుడ్డకంతటికీ పట్టినంత కాలం పట్టి ఉంటుంది. వంకర పోయింది నిద్ర వల్ల కాదు.

ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు.

"వలీ బాయ్, నేను దీన్ని కోయను."

ఖాసిం వలి మిషన్ ఆపాడు. "ఏమంటాండావ్?"

"దీనికి కోసిన కొస లేదు. పుట్టినప్పటి నుంచీ కత్తెర తగల్లేదు."

"ఇప్పుడు తగలనీ."

ఖాసిం వలి లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"సిద్ధన్నా, ఆమె ఎవరో తెలుసు గదా. కఫీల్ చెల్లెలు. ఈడ ఉండేదానికి నీకుండే ఇఖామా వచ్చే నెల అయిపోతాది. నీకు యాభై ఎనిమిది. ఆయన సంతకం పెట్టకపోతే ఈ వయసులో నిన్ను ఇంకొకరు తీసుకోరు. నేను అడిగినా తీసుకోరు. ఒక గుడ్డముక్క కోసం ఇంటికి పోతావా?"

"ఆమెతో ఒక్క మాట మాట్లాడతా. అప్పుడు కూడా కోయమంటే నువ్వు కోయి. నేను బయటికి పోయి నిలబడతా."

"నీకొచ్చిన అరబ్బీ ఎంత? ఖలాస్, బుక్రా, మాఫీ ముష్కిల్."

"సంజీవమ్మ ఉండాది గదా."

ఖాసిం వలి చాలాసేపు గొణిగాడు. తర్వాత ఫోన్ చేశాడు.

బుధవారం మధ్యాహ్నం ఉమ్ నాసర్ కారు దిగింది. వెనకే సంజీవమ్మ. ఉమ్ నాసర్ బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఏమిటి సమస్య అని అరబీలో అడిగింది. గుడ్డ మీద సుద్దగీతను, పక్కన ఊరికే పడి ఉన్న కత్తెరను చూసింది.

సిద్ధయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఈ గుడ్డ ఎవరిదని అడుగమ్మా."

ఆ ప్రశ్న ఆమెకు నచ్చినట్టుంది. క్లాసులో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. సంజీవమ్మ అందినంత తెలుగులో పెట్టింది.

"సూర్యుడే దేవుడంట వాళ్ళకు. ఆయన కొడుకునూ కూతుర్నీ భూమ్మీదికి పంపించినాడంట. కొడుకు మగోళ్ళకు సేద్యం నేర్పినాడు. కూతురు ఆడోళ్ళకు నేత నేర్పింది. ఆమె పేరు మామా ఓక్లో." సంజీవమ్మ ఆగింది. "ఆమెక్కూడా మామానే అన్నా. యాడికి పోయినా వీళ్ళు తప్పరు."

"నువ్వు చెప్పు ముందు," అన్నాడు ఖాసిం వలి.

"బంగారం వాళ్ళకు లెక్కలేదంట. అన్నిటికంటే గొప్పది గుడ్డంట. యుద్ధం చేసినోళ్ళకు గుడ్డ, లొంగిపోయిన దొరలకు గుడ్డ. ఇంగా మంచి గుడ్డ అయితే సూర్యుడికి అని మంటలో ఏసేవాళ్ళంట. అంత కష్టపడి నేసి మంటలో ఏసేదేందన్నా?"

"దేవుడికిచ్చేది మంచిదే ఇయ్యాల గదా," అన్నాడు సిద్ధయ్య.

ఆయన సూది తీసుకున్నాడు. సూది మొనతో పై కొస చూపించాడు. తర్వాత కింది కొస. ఉమ్ నాసర్ వంగింది. పోగు తిరిగిన చోట ఆయన సూది ఆపాడు.

"మగ్గం మీద గుడ్డ కోయకుండా దిగదు అని చెప్పమ్మా. నేను ఇరవై ఎనిమిదేళ్ళు నేసినా. ప్రతి చీరా కోసే దించినా. ఇది కోయకుండా దిగింది. నాలుగు పక్కలా అంచే. ఆ కింద వదులుగా ఉండే చోటు ఆమెను తడిమి చూడమను."

ఉమ్ నాసర్ వేలు పెట్టి చూసింది. ఉంగరం అడ్డొస్తే తీసి, మళ్ళీ చూసింది.

"ఆడ మగ్గం పనికి రాదు. సూదితో పూడ్చినారు. కోస్తే నాకు పని ఎక్కువ కాదు. పావుగంటలో అయిపోతాది. అయితే కోయకుండా ఉండాలని ఆ మనిషి ఇంత చేసింది. ఆమె వద్దనుకున్న పని నేను చేయలేను. నేను చేయలేనని చెప్పు. వేరేవాళ్ళు చేస్తారు."

సంజీవమ్మ ఇదంతా చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో చేతులు తిప్పింది, ఒకసారి మిషన్‌ను మగ్గంగా చూపించింది. ఖాసిం వలి నేల చూస్తున్నాడు.

ఉమ్ నాసర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. నెమ్మదిగా ఏదో చెప్పింది.

"సంతలో ఒక ముసలామె దగ్గర కొనిందంట," అంది సంజీవమ్మ. "ఆమె భుజాల మీద కప్పుకోనుండాదంట, అట్లే తీసి ఇచ్చిందంట. పెద్దది నాకెందుకు, సగం ఇయ్యి అని మామా అడిగిందంట. ముసలామె నవ్విందంట. భాష తెలీక నవ్వుతాందిలే అనుకున్యా అంటాది."

ఉమ్ నాసర్ రెండు వేళ్ళు చూపించింది. ఆ మాటకు సంజీవమ్మ అవసరం లేకపోయింది. ఇద్దరు కూతుళ్ళు.

సిద్ధయ్య గుడ్డ మధ్యలో నిలువునా పోయే సన్నటి గీత మీద సూది పెట్టాడు. దూరం నుంచి చూస్తే అదీ ఒక చారే అనిపిస్తుంది. జానెడుకొక రంగు మారుతూ కింది దాకా ఉంది.

"ఇది నేత కాదు. కుట్టు. రెండు గుడ్డలు వేరువేరుగా నేసి, పక్కపక్కన పెట్టి కలిపినారు. దీన్ని విప్పితే రెండూ నిండు గుడ్డలే. దేనికీ కత్తెర తగలదు." కొంచెం ఆగి అన్నాడు. "విప్పమంటే విప్పుతా. విప్పాలని నాకు లేదు. అది కూడా చెప్పు."

"అది చెప్పాల్నా?" అన్నాడు ఖాసిం వలి.

"చెప్పనీ."

సంజీవమ్మ చెప్పింది. ఉమ్ నాసర్ ఆయన వంక చూసింది. సన్నగా పొడుగ్గా వస్తాయి, కూతుళ్ళ గోడలు అలాంటివి కావు అంది. గోడల సంగతి సిద్ధయ్యకు తెలియదు. ఆమె గుడ్డను ఒకసారి మొత్తం నిమిరి లేచింది.

"గోడలు తను చూసుకుంటాదంట," అంది సంజీవమ్మ. "విప్పమనింది."

మరుసటి రోజు సిద్ధయ్య వేరే పని ముట్టుకోలేదు. ముందు తడిగుడ్డతో సుద్దగీత తుడిచాడు. తర్వాత పై నుంచి మొదలుపెట్టాడు. కుట్టు గట్టిగా ఉంది. ఒక్కొక్క ముడినీ సూదితో లేపి, తెగకుండా లాగాడు. పచ్చ పోగు అయిపోయి గులాబీ వచ్చింది, అది అయిపోయి తెలుపు. ఛాతీ దగ్గరికి వచ్చే చోట రెండు ముక్కల్లోనూ చిన్న చిల్లులు ఉన్నాయి. ముసలామె గుడ్డ జారకుండా పెట్టుకున్న పెద్ద పిన్నువి. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్నాయి. వేలితో వాటిని ఒకసారి తడిమి మళ్ళీ పనిలో పడ్డాడు.

"కుట్టేదానికి జీతం ఇస్తాండా, విప్పేదానికి కాదు," అన్నాడు ఖాసిం వలి. అని, వీధిలోకి పోయి రెండు టీలు తెచ్చాడు. ఒకటి గుడ్డకు దూరంగా పెట్టాడు.

సాయంత్రం కాకముందే రెండు గుడ్డలు వేరయ్యాయి. సిద్ధయ్య దేన్నీ మడిచి కుట్టలేదు. కడ్డీకి వెనక వేరే పట్టీ పెట్టి, నాలుగు దారాలతో పట్టించాడు. ఊడబీకిన పోగును ఖాళీ దారపు కండె మీద చుట్టాడు. ఏ రంగు తర్వాత ఏ రంగు వచ్చిందో అదే వరసలో చుట్టాడు.

"ఇది పారేయొద్దని చెప్పు," అని సంజీవమ్మకు ఇచ్చాడు. "మళ్ళీ కలపాలనుకుంటే ఇదే కావాల."

"కలుపుతారా అన్నా?"

"నాకేం తెలుసు."

నెల తిరిగేసరికి ఇఖామా కాగితం వచ్చింది. కఫీల్ సంతకం ఉంది. గుడ్డ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఖాసిం వలి కాగితాన్ని సిద్ధయ్య మిషన్ మీద పెట్టి, పని ఉన్నట్టు లోపలికి పోయాడు.

మే నెలలో సంజీవమ్మ తన చుడీదార్ జిప్పు మార్పించుకోవడానికి వచ్చింది. పెద్ద కూతురు తన ముక్కను మెట్ల దగ్గర తగిలించిందని చెప్పింది. చిన్న కూతురి ఇంట్లో అంత ఎత్తు గోడ లేదు. బీరువాలో మడిచి పెట్టింది.

"కండె?" అన్నాడు సిద్ధయ్య.

"అది మామా తన సొరుగులోనే పెట్టుకుండాది. కూతుళ్ళకు ఇయ్యలేదు."

సిద్ధయ్య జిప్పు చివర దారం కొరికి తెంపాడు.

"బీరువాలో ఉండేదానికి పురుగు పడతాది. ఉన్ని గదా. లవంగాలు గుడ్డలో కట్టి పెట్టమని చెప్పు. సొరుగులో కూడా రెండు వేయమను."

"అదేందో నువ్వే చెప్పు అన్నా ఈసారి మామా వస్తే. నీ మాట వింటాది."

ఆమె వెళ్ళాక ఆయన సామాను సర్దాడు. ఎర్ర గుడ్డను మిషన్ మీద పరిచాడు. కోసిన వైపు కిటికీ వైపు వచ్చింది. వేలాడే పోగులు చిక్కుపడి ఉన్నాయి. కూర్చోకుండానే వాటిని వేళ్ళతో ఒక్కొక్కటిగా విడదీశాడు.

ఖాసిం వలి లైట్లు ఆపడానికి వచ్చాడు. ఓవర్‌లాక్ మాట ఎత్తబోయాడు. ఎత్తలేదు. ఆయన పని అయిపోయేదాకా తలుపు దగ్గర తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు.